చీమ వేషంలోని సాలీడు వేషధారి కాదు



ఈ వారం మేము ఒక తప్పు ఒప్పుకోవాలి. అది ప్రసంగంలో చేసిన తప్పు గనుక, విన్నవారందరి ముందూ ఒప్పుకోవడమే న్యాయం.

కొన్ని నెలల క్రితం ఆదివారం ఆరాధనలో వేషధారణ గురించి వాక్యం చెప్పాము. ఉదాహరణగా ఒక సాలీడు సంగతి ఎత్తాము. అచ్చం చీమలాగే కనబడే సాలీడు ఒకటి ఉందనీ, చీమల మధ్య చీమలా తిరుగుతూ అదను చూసి వాటినే తినేస్తుందనీ, సంఘంలో వేషధారి కూడా అలాంటివాడేననీ చెప్పాము. ఎప్పుడో ప్రసంగాల పుస్తకంలో చదివి గుర్తుపెట్టుకున్న ఉదాహరణ అది. యోబు గ్రంథం 8వ అధ్యాయంలో భక్తిహీనుని నమ్మకాన్ని సాలెగూడుతో పోల్చిన మాట కూడా దానికి జతచేశాము. లోపల ఒకటి, బయట ఒకటి పెట్టుకున్న ప్రతివాడూ ఆ సాలీడేనని ముగించాము. అందరూ ఆమేన్ అన్నారు. బాగా చెప్పామనుకొని ఇంటికి వచ్చి భోజనం చేశాము.

ఆ తర్వాత రెండు ఆదివారాలు ఒక సహోదరి మందిరానికి రాలేదు. మూడో వారం మేమిద్దరం వారి ఇంటికి వెళ్ళాము. ఆమె ముఖం ఎత్తి చూడలేదు. చాలాసేపటికి ఒక మాట అంది. "ఆ సాలీడు మేమే కదా అయ్యగారూ. పైకి ఒకలాగ, లోన ఒకలాగ ఉన్నది మేమే కదా. ఎవులో మీకు చెప్పీసినారు, అందుకే అలగ అన్నారు అనుకున్నాం."

మాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. అప్పుడు ఆమే చెప్పింది. ఆమె భర్తకు కిడ్నీ జబ్బు. పరీక్ష చేయించిన ప్రతిసారీ క్రియాటినిన్ పెరుగుతోంది. ఇంట్లో పెళ్ళికి ఎదిగిన ఆడపిల్ల ఉంది. సంబంధం మాట్లాడుతున్నారు. సంగతి తెలిస్తే ఆ సంబంధం తప్పిపోతుందని భయపడి, మందు బిళ్ళలు బియ్యం డబ్బాలో దాచి, ఆసుపత్రికి వెళ్ళే రోజున చుట్టాల ఇంటికి వెళ్తున్నామని చెబుతున్నారు. ఇది రాయడానికి ఆమే ఒప్పుకుంది. ఎవరో గుర్తుపట్టే వివరం ఏదీ మేము రాయడం లేదు. మీరూ వెతకవద్దు. నిజానికి మన ఉద్దానంలో ఇలాంటి ఇల్లు ఇదొక్కటే కాదని మీకూ తెలుసు.

ఆ రోజు మేము సమాధానం చెప్పలేక, ప్రార్థన చేసి వచ్చేశాము.

ఆ సాలీడును మేము కళ్ళతో చూసింది ఆ తర్వాతే. చూడకుండానే దాన్ని పులిపీఠం మీద నిలబెట్టి దోషిని చేశామన్నమాట. సెలవులకు వచ్చిన మన సంఘపు కుర్రాడు, డిగ్రీ చదువుతున్నవాడు, మందిరం వెనక జీడితోటలోకి మమ్మల్ని పిలిచాడు. రాలిన ఎండాకు మీద నల్లచీమ ఒకటి పరుగెడుతోంది. "సీమ కాదు అయ్యగారూ, కాళ్ళు లెక్కెట్టండి" అన్నాడు. వంగి చూశాము. చీమకు ఆరు కాళ్ళు, దీనికి ఎనిమిది. చీమ తలమీద ఉండే రెండు మీసాలు దీనికి లేవు. ముందరి కాళ్ళు రెండూ పైకెత్తి మీసాల్లా ఆడిస్తోంది. నాలుగడుగులు గబగబా పరుగెత్తి ఆగుతుంది, మళ్ళీ వంకరగా పరుగెడుతుంది. నడక కూడా చీమదే. నడుము సన్నం. పొడవు సెంటీమీటరు కూడా లేదు. కుర్రాడు ఫోన్లో ఫోటో తీసి వాళ్ళ కళాశాల మాస్టారికి పంపితే, ఇది కాస్టియనీరా అనే ప్రజాతిలోదని ఆయన చెప్పారు. ఆ ప్రజాతిలోని ఒక భారతీయ సాలీడుకు 1897లోనే యూజీన్ సిమోన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త కాస్టియనీరా జీటెస్ అని పేరు పెట్టాడట.

అప్పటినుంచి దాని గురించి చదివాము. చదివినకొద్దీ సిగ్గుపడ్డాము.

మొదటి సంగతి, ఈ నేలసాలీడు వేటకు గూడు అల్లదు. మనం ఇంటి మూలల్లో చూసే సాలెగూడుకూ దీనికీ సంబంధం లేదు. నేలమీద తిరుగుతూ చిన్న చిన్న పురుగులను పట్టి తింటుంది. కాబట్టి సాలెగూడు వాక్యం దీనికి అతకనే అతకదు.

రెండో సంగతి ముఖ్యమైనది. ఇది చీమ వేషం వేసింది చీమలను మోసగించడానికి కాదు, తన ప్రాణం దక్కించుకోవడానికి. సాలీడు మెత్తని ప్రాణి. పిట్టలు ఏరుకు తింటాయి. బల్లులూ తొండలూ తింటాయి. గోడలకు మట్టిగూళ్ళు కట్టే కందిరీగను మీరు చూసే ఉంటారు. అది సాలీళ్ళను కుట్టి, కదలకుండా చేసి, తన పిల్లల ఆహారానికి ఆ గూట్లో కుక్కుతుంది. కానీ చీమ జోలికి చాలా ప్రాణులు రావు. చీమ కరుస్తుంది, ఒంట్లో ఘాటైన ఆమ్లం ఉంటుంది, ఒకదాన్ని ముట్టుకుంటే వంద వస్తాయి. అందుకే తరతరాలుగా చీమలా కనిపించిన సాలీళ్ళే ఎక్కువగా బ్రతికి బట్టకట్టాయి. అమెజాన్ అడవుల్లో సీతాకోకచిలుకలను గమనించిన హెన్రీ వాల్టర్ బేట్స్ అనే ఇంగ్లీషు ప్రకృతి శాస్త్రవేత్త 1862లో ఈ పద్ధతిని వివరించాడు. బలహీనమైన ప్రాణి బలమైనదాని రూపంలో బ్రతకడాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే బేట్సియన్ అనుకరణ అంటారు. లోకంలో 300కు పైగా సాలీడు జాతులు ఇలా చీమలను పోలి ఉంటాయట. సృష్టికర్త చేతిపని ఎంత నిదానమైనదో, ఎంత నేర్పుగలదో!

మరి మేము ప్రసంగంలో చెప్పినలాంటి సాలీడు అసలు లేనే లేదా? ఉంది. జీడిచెట్టు మీద ఆకులు కలిపి కుట్టి గూడు కట్టే ఎర్రచీమలు మనందరికీ తెలుసు. పిక్కలు ఏరడానికి వెళ్ళి వాటి చేత కరిపించుకోనివారు కవిటిలో ఉండరు. ఆ చీమల రూపంలో ఉండే పీతసాలీడు ఒకటి మన దేశంలో ఉంది. పేరు అమిసియా ఫోర్టిసెప్స్. దాని వెనుకభాగం మీద రెండు నల్లచుక్కలు చీమ కళ్ళలా ఉంటాయి. అది నిజంగానే ఆ ఎర్రచీమలను తింటుంది. ఒకదాన్ని పట్టుకొని, మిగతావి మీదపడకుండా దారం వదిలి కిందికి వేలాడుతుంది. అంటే చీమ వేషంలో రెండు రకాలు ఉన్నాయి. ఒకటి తినడానికి వేసినది, ఒకటి తినబడకుండా ఉండటానికి వేసినది. పైనుంచి చూస్తే రెండూ ఒకటే. మేము రెండో దాన్ని చూపించి మొదటి దాని నేరం దాని మీద వేశాము.

ఇది సాలీళ్ళ విషయంలో మాత్రమే అయితే ఇంత రాయవలసిన పని లేదు. మనుషుల విషయంలోనూ మేము చేసింది ఇదే.

బైబిలు ఈ తేడాను బాగా ఎరుగును. యాకోబు మేకపిల్లల చర్మం చేతులకు కప్పుకొని గుడ్డితండ్రి ముందు నిలబడ్డాడు. అది అన్నకు రావలసినది తీసుకోవడానికి వేసిన వేషం. గొర్రెతోలు కప్పుకున్న తోడేళ్ళ గురించి ప్రభువు హెచ్చరించింది కూడా ఇలాంటివారి గురించే. కానీ 1 సమూయేలు 21వ అధ్యాయం చదవండి. గాతు రాజైన ఆకీషు దగ్గర ప్రాణభయంతో దావీదు పిచ్చివాడిలా నటించాడు. తలుపుల మీద గీతలు గీశాడు, గడ్డం మీద చొంగ కార్చుకున్నాడు. దేవుడు అతణ్ణి వేషధారి అని పిలవలేదు. మోషే తల్లి మూడు నెలలు పసిబిడ్డను దాచింది. రాహాబు మిద్దెమీద జనపకట్టెల కింద ఇద్దరు మనుషులను దాచింది. ఓబద్యా నూరుమంది ప్రవక్తలను గుహల్లో దాచి అన్నపానాలు పెట్టాడు. దాచడమంతా పాపమైతే వీరిని ఎక్కడ పెడతాము?

ఇక మేము జతచేసిన యోబు 8వ అధ్యాయం సంగతి. ఆ సాలెగూడు మాట అన్నది ఎవరు? దేవుడు కాదు, యోబు కాదు. షూహీయుడైన బిల్దదు. ఎవరితో అన్నాడు? పిల్లలను పోగొట్టుకొని, ఒళ్ళంతా కురుపులతో బూడిదలో కూర్చున్న రోగితో. నీకు ఇంత కష్టం వచ్చిందంటే లోపల ఏదో ఉండే ఉంటుంది అన్నది అతని వాదన. గ్రంథం చివర, 42వ అధ్యాయంలో, దేవుడు ఎలీఫజునూ అతని ఇద్దరు స్నేహితులనూ గద్దించాడు. వారు తన గురించి సరిగా మాట్లాడలేదన్నాడు. అంటే మేము ఒక రోగి ఇంటి మీదికి, దేవుడు కొట్టివేసిన వాదనను తీసుకొని వెళ్ళాము. సేవలో ఇన్నేళ్ళు ఉండి ఆ అధ్యాయం ఎవరి నోటిదో చూసుకోకపోవడం మా తప్పే.

కొందరు పెద్దలు మమ్మల్ని ఇలా అడగవచ్చు: "అయితే అబద్ధం చెప్పి పెళ్ళి చేయవచ్చా అయ్యగారూ?" చేయకూడదు. ఆ ఇంటికి కోడలిగా వెళ్ళే పిల్లకూ, తీసుకెళ్ళే వారికీ నిజం తెలియాలి. ఆ సహోదరికి మేము ఆ మాటే చెప్పాము. ఆమెతో పాటు మేమూ వచ్చి కూర్చుంటామన్నాము. వెళ్ళాము కూడా. ఆ సంబంధం నిలిచిందా లేదా అన్నది ఇక్కడ రాయము. అది వారి ఇంటి మాట.

కానీ మేము అడిగేది వేరు. ఆ సాలీడు చేత చీమ వేషం వేయించింది ఎవరు? పిట్ట ముక్కు, కందిరీగ ముల్లు. వేటాడేవారు లేకపోతే వేషం అక్కరలేదు. మరి మన ఊళ్ళో ఒక తల్లి మందు బిళ్ళలు బియ్యంలో దాచుకోవలసి వచ్చిందంటే, ఆమెను వేటాడుతున్నది ఎవరు? మన నాలుకలు కాదా? ఫలానా వీధిలో పిల్లను తీసుకోవద్దు, ఫలానా ఇంట్లో నీళ్ళు తాగవద్దు అన్నది మనం కాదా? కిడ్నీ జబ్బు అంటువ్యాధి కాదు. పరిశోధకులు ఏళ్ళ తరబడి వెతుకుతున్నా మన ఉద్దానంలో దానికి మూలకారణం ఇదీ అని ఖాయంగా తేల్చలేదు. ఎక్కువగా అది పట్టుకున్నది తోటల్లో, పొలాల్లో ఒళ్ళు వంచి పనిచేసేవారినే. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రీ, కిడ్నీ పరిశోధన కేంద్రమూ ప్రారంభమయ్యాయి. ఆసుపత్రి వచ్చింది, సంతోషమే. కానీ ఆ గేటు దగ్గర ఎవరు చూస్తారో అని ముఖానికి కొంగు అడ్డం పెట్టుకొని దిగేవారిని మేము చూస్తున్నాము. ఆ కొంగు తీయించడం డాక్టర్ల పని కాదు, మన పని. దాచుకున్నవారిని నిందించేముందు, దాచుకోనక్కరలేని చోటుగా సంఘం ఉందో లేదో చూసుకోవాలి. ఇది మా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు ఆ సాలీడు నివాసం గురించి కూడా చెప్పాలి. ఎందుకంటే దాని విషయంలోనూ మేము దోషులమే.

దాని ఇల్లు జీడిచెట్టు కింద రాలిన ఆకు. జీడికొమ్మలు నేలదాకా వంగి నీడనిస్తాయి. ఆ దళసరి ఆకు త్వరగా చివకదు. ఒకదానిమీద ఒకటి పడి జానెడు మందాన మెత్తలా తయారవుతుంది. మే నెల ఎండలో పైన ఇసుక కాళ్ళు కాలుస్తుంటే, ఆ ఆకు ఎత్తి చూడండి, అడుగున చెమ్మ ఉంటుంది. అక్కడ చీమలు, చెదలు, చిన్న చిమ్మటలు, పేడపురుగులు ఉంటాయి. వాటి మధ్య ఈ సాలీడు. ఈ ప్రజాతి తల్లిసాలీడు రాయికో ఆకు అడుగునో పలచని కాగితం బిళ్ళలాంటి సంచి అతికించి అందులో గుడ్లు పెడుతుంది. చీమలు లేనిచోట దాని వేషానికి విలువ లేదు. ఆకు లేనిచోట దానికి నీడ లేదు.

ఆ ఆకును మేము ఏం చేస్తున్నాము? ప్రతి సంవత్సరం మందిరం ఆవరణ శుభ్రం చేసే పేరుతో ఊడ్చి, పోగుపెట్టి, నిప్పు పెడుతున్నాము. యౌవనస్థులు ఉత్సాహంగా చేస్తారు, మేము మెచ్చుకుంటాము. తోటల్లో పిక్కలు ఏరడానికి వీలుగా ఉండాలని కొందరు గడ్డిమందు కొడుతున్నారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, గంటకు 140, 150 కిలోమీటర్ల గాలికి మన తోటలు ఎలా పడిపోయాయో ఎవరం మరిచిపోలేదు. ముప్ఫై, నలభై ఏళ్ళ కొబ్బరిచెట్లు, జీడిచెట్లు ఒక్క పూటలో నేలకు ఒరిగాయి. చెట్టుతో పాటు నీడ పోయింది, నీడతో పాటు ఆ ఆకు మెత్తా పోయింది. మళ్ళీ నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే నీడనిస్తున్నాయి. తుఫాను మిగిల్చినదాన్ని మనం అగ్గిపుల్లతో ముగించకూడదు.

రైతుల కష్టం మాకు తెలుసు. పిక్కలు రాలే కాలంలో చెట్టు కింద నేల కనబడాలి. ఆకులో కట్లపాము, రక్తపింజరి ఉంటాయన్న భయం కూడా నిజమే. పిల్లలు తిరిగే దారి, ఇంటి చుట్టూ, తప్పక శుభ్రంగా ఉండాలి. మేము అడిగేది అంతటా వదిలేయమని కాదు. ఊడ్చిన ఆకును కాల్చకుండా తోట గట్టు వెంట వేయండి. అది చివికి ఎరువవుతుంది, మన ఇసుకనేలలో చెమ్మ నిలుపుతుంది. జనం తిరగని ఒక మూలన నాలుగు చెట్ల కింద ముట్టుకోకుండా వదలండి. నిర్గమకాండము 23వ అధ్యాయంలో ఏడవ సంవత్సరం భూమిని బీడుగా విడిచిపెట్టమన్న ఆజ్ఞ ఉంది. అక్కడ పండినది బీదలు తినాలి, వారు విడిచినది అడవి జంతువులు తినాలి. బీదలనూ జంతువులనూ దేవుడు ఒకే ఆజ్ఞలో తలుచుకున్నాడు. మేమూ ఈ వ్యాసంలో ఆ రెండింటినీ కలిపి రాయడానికి అదే ధైర్యం.

కాబట్టి సంఘ పెద్దలతో మాట్లాడి రెండు నిర్ణయాలు తీసుకున్నాము. మందిరం ఆవరణలో ఇకమీదట ఆకు కాల్చము. వెనకవైపు జీడిచెట్ల కింద ఆకు అలాగే ఉంటుంది. ఆదివారం బడి పిల్లలు అక్కడికి కర్ర తీసుకొని, పెద్దవారి తోడుతో మాత్రమే వెళ్ళాలి. వెళ్ళి ఆ సాలీడు కాళ్ళు లెక్కపెట్టాలి. సామెతల గ్రంథం సోమరులను చీమ దగ్గరికి వెళ్ళమంది. ఇంతకాలం చీమ గురించి చెప్పినవాళ్ళం, ఇకనుంచి దాని పక్కన నడిచే ఈ చిన్న ప్రాణి గురించి కూడా నిజమే చెబుదాం.

రెండవది, ప్రతి నెల మొదటి శుక్రవారం ఉపవాస ప్రార్థన తర్వాత, జబ్బుతో ఉన్నవారి కుటుంబాలతో మేమిద్దరం విడిగా కూర్చుంటాము. పేర్లు పుస్తకంలో రాయము, మైకులో చదవము. రావాలనుకున్నవారు వెనక తలుపు నుంచి వచ్చినా సరే. ముందు తలుపు నుంచి తల ఎత్తుకొని వచ్చే రోజు కోసం మాత్రం మనందరం కలిసి ప్రార్థించాలి, నాలుకను కాచుకోవాలి.

ఆ సహోదరి పోయిన ఆదివారం మందిరానికి వచ్చింది. భర్తను కూడా తీసుకొని వచ్చింది. ఆయన వెనక వరుసలో, ఫ్యాను కింద కూర్చున్నాడు. ఆరాధన తర్వాత ఎవరైనా ఆయన్ను "ఒంట్లో ఎలాగుంది మావా" అని మామూలుగా అడుగుతారేమోనని మేము ఎదురుచూశాము. ఇద్దరు అడిగారు. ఈ ఆదివారం ఇంకొందరు అడగండి.

ప్రభువు మనందరినీ క్షమించి దీవించును గాక. ఆమేన్.